ఒక తీగ, రెండు డక్కీలు

బ్లూస్ అంటే మిసిసిపీ గుర్తొస్తుంది, సోల్ అంటే మెంఫిస్, షికాగో. ముగ్గురు మనుషులు నిలబడి, బతుకు మీద తామే పాట కట్టి పాడే పద్ధతి మనకీ ఉంది. అది రికార్డుకి ఎందుకు ఎక్కలేదు? ఎక్కితే ఎవరి పేరు మీద ఎక్కాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి, నగరం చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగే ఔటర్ రింగు రోడ్డు కలిసేది పెద్ద అంబర్‌పేట్ దగ్గర. కాస్త ముందుకు పోతే బాటసింగారం పండ్ల మార్కెట్టు, ఆ పైన రామోజీ ఫిల్మ్ సిటీ. కుంట్లూరు, పసుమాముల, తట్టిఅన్నారం ఒకప్పుడు దేనికది ఊరు. ఇప్పుడు ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో పాతవాళ్లు చేయి చాపి చూపిస్తే తప్ప తెలియదు. వరి కోసిన మళ్లలో హద్దురాళ్లు లేచాయి. రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు వరసకట్టాయి. ముహూర్తాల రోజుల్లో ఒక హాలు డీజే ఆగకముందే పక్క హాలు డీజే అందుకుంటుంది. సినిమా పాట, దాని వెనక యూట్యూబ్‌లో హిట్టయిన జానపదం, మళ్లీ సినిమా పాట.

ఆ బాక్సుల్లోంచి ఈ నేల కథ మాత్రం వినిపించదు. ఎకరాల్లో కొలిచిన భూమిని గజాల్లో అమ్ముకున్న ఇల్లు, వచ్చిన పైసలు పంచుకునేటప్పుడు విడిపోయిన అన్నదమ్ములు, తాత దున్నిన చెలకలో లేచిన అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా కుదిరిన మనవడు. ఒక్క తరంలో ఇంత మారిన చోట, ఆ మార్పు మీద పాట వినిపించకపోవడం పెద్ద వెలితి. పాట కట్టేవాళ్లు లేకనా అంటే కాదు. వాళ్లు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నారు.

2024 మే నెలలో ఒక వార్త వచ్చింది. పద్మశ్రీ దర్శనం మొగిలయ్య సాగర్ రోడ్డు మీది తుర్కయాంజల్‌లో, ఇల్లు కడుతున్న చోట రోజు కూలీకి పనిచేస్తున్నారని. మనం కిన్నెర మొగిలయ్య అని పిలుచుకునే మనిషి. ఆ మరుసటి ఏడాది జనవరిలో ప్రభుత్వం ఆయనకి హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం ఇచ్చింది. హయత్‌నగర్ దాటితే వచ్చేది పెద్ద అంబర్‌పేటే. పద్మశ్రీ పతకం అందుకున్న కళాకారుడు ఇటుకలు మోయాల్సి రావడానికి ప్రభుత్వ సాయం ఆలస్యం కావడం ఒక్కటే కారణమని నేననుకోను. ఆయన పాట ఆయనకి అన్నం పెట్టే ఏర్పాటే మన దగ్గర లేదు. ఈ కథనమంతా ఆ ఏర్పాటు గురించే.

పన్నెండు మెట్లు

మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల ప్రాంతం. ఆయన చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనంతో నిలబెట్టిన మెట్లు, కొసన నెమలి ఈకలు. దుకాణంలో కొనుక్కునే వాయిద్యం కాదది. వాయించేవాడే చేసుకోవాలి, చెడితే వాడే బాగుచేసుకోవాలి. ఆయన పాడే కథల్లో పండుగ సాయన్న ఉంటాడు, మియాసాబ్ ఉంటాడు. ఉన్నవాడిని కొట్టి లేనివాడికి పెట్టిన పాలమూరు వీరుడిగా సాయన్న పుస్తకాలకెక్కకముందే కిన్నెర మెట్ల మీద బతికాడు.

బ్లూస్ చరిత్ర చదివినవాళ్లకి ఇక్కడ ఒక మనిషి గుర్తొస్తాడు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్ నగరంలో లీ షెల్టన్ అనే అతను ఒక సారా దుకాణంలో బిల్లీ లైయన్స్ అనే మనిషిని కాల్చేశాడు. పత్రికల్లో అది చిన్న నేరవార్త. పాటగాళ్ల నోటిలో మాత్రం అతను స్టాగర్ లీ అయ్యాడు. ఎవరికి వాళ్లు చరణాలు కలుపుకుంటూ పోయారు, వందేళ్లు దాటినా ఆ పాట ఆగలేదు. కోర్టు కాగితాల్లో ముగిసిపోయిన మనిషిని పాట బతికించుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక బ్లూస్‌ది కూడా పన్నెండు లెక్కే. పన్నెండు తాళపు గదులు, వాటిలో మూడు పాదాలు. మొదటి పాదం పాడి, రెండోసారి అదే పాడి, మూడో పాదంతో జవాబు చెబుతారు. ఆ పన్నెండుకీ కిన్నెర మెట్ల పన్నెండుకీ ఏ చుట్టరికమూ లేదు. చుట్టరికం ఉన్నది స్వరం దగ్గర. బ్లూస్ పాటగాడు గాంధారాన్నీ, నిషాదాన్నీ, ఒక్కోసారి పంచమాన్నీ కాస్త దించి పలుకుతాడు. ఏ మెట్టు మీదా గట్టిగా నిలబడడు, రెండు మెట్ల నడుమ గొంతు జారుతుంది. మన పల్లెల్లో శవం ముందు కూర్చున్న ఆడవాళ్లు పేరు పెట్టి ఏడ్చే ఏడుపులో ఆ జారుడు వినండి. సంగీతం నేర్చుకోని గొంతులవి. ఎక్కడ దించాలో, ఎంత దించాలో వాటికి తెలుసు.

1903లో మిసిసిపీలోని టట్‌వైలర్ అనే చిన్న స్టేషన్లో రైలు కోసం కూర్చున్న డబ్ల్యూ.సి. హ్యాండీ, చిరుగు బట్టల నల్లజాతి మనిషి ఒకడు గిటారు తీగల మీద కత్తిని జారిస్తూ పాడటం విన్నాడు. హ్యాండీ చదువుకున్న సంగీతకారుడు, బ్యాండు మాస్టరు. ఆ పాట ఆయనకి వింతగా వినిపించింది. తర్వాత ఆ బాణీలని కాగితం మీద పెట్టి అచ్చేసి, బ్లూస్ పితామహుడని పేరు తెచ్చుకున్నాడు. స్టేషన్లో పాడిన మనిషి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు. దీని గురించి కోపం తెచ్చుకునే ముందు మన దగ్గర ఎన్ని పాటల కింద ‘జానపదం’ అని రాసి ఊరుకున్నామో ఒకసారి చూసుకోవాలి.

ముగ్గురే ఎందుకు?

పాశ్చాత్య సంగీతంలో ముగ్గురి బృందానికి ప్రత్యేకమైన గౌరవం ఉంది. గిటారు, బేస్, డ్రమ్ములు. జిమి హెండ్రిక్స్ 1966లో లండన్‌లో మొదలుపెట్టిన బృందంలో ఉన్నది ముగ్గురే. దాక్కోవడానికి నాలుగో మనిషి ఉండడు. ఒకరు ఆగితే ఆ ఖాళీ వినేవాడికి తెలిసిపోతుంది. అందుకే ముగ్గురిలో ప్రతి ఒక్కరూ రెండు పనులు చేస్తారు. డ్రమ్ములవాడు తాళం వేస్తూనే పాటని ముందుకు నెట్టాలి, బేస్ వాడు తాళానికీ రాగానికీ నడుమ నిలబడాలి.

బుర్రకథ చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నడుమ కథకుడు, భుజం మీద తంబుర, బొటనవేలికి అందె, రెండో చేతిలో ఇంకో అందె, కాళ్లకి గజ్జెలు. అంటే ఒకే మనిషి తీగ, లోహం, గజ్జె మూడూ పలికిస్తూ, కథ చెబుతూ, అడుగులు వేస్తూ ఉంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. కథకుడు చరణం ముగించీ ముగించకముందే ఇద్దరూ ‘తందాన తాన’ అని అందుకుంటారు. ఆ అందుకోవడంలో ఉంది ప్రాణమంతా. కొంచెం ముందు పడితే కథకుడి మాట మునిగిపోతుంది, కొంచెం వెనక పడితే జనం కుర్చీల్లో కదులుతారు. ఆఫ్రికా నుంచి అమెరికా చేల దాకా, చర్చి దాకా నడిచిన పిలుపూ జవాబూ పద్ధతి ఇదే. అక్కడ దాన్నుంచి సోల్ సంగీతం వచ్చింది. 1954లో రే చార్లెస్ చర్చి పాట నడకని తెచ్చి ప్రేమ పాటలో పెట్టినప్పుడు భక్తులు కొందరు నొచ్చుకున్నారు. జనం మాత్రం వదల్లేదు. మన దగ్గరా అంతే, భజన నడకలూ, తత్వాల బాణీలూ, యక్షగానపు దరువులూ ఎక్కడెక్కడి నుంచో ఉద్యమ పాటలోకి నడిచొచ్చాయి. గోరటి వెంకన్న గొంతు విప్పితే తత్వం ఎక్కడ ఆగిందో, ఊరి గోస ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

మన ముగ్గురి బృందంలో మూడో మనిషి అమరిక నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. రాజకీయం చెప్పే వంతకి కథ మధ్యలో ఆపి ఈ రోజు పేపర్లో వచ్చిన సంగతి మాట్లాడే హక్కుంది. పలనాటి యుద్ధం నడుస్తుండగా రేషన్ బియ్యం ధర గురించి అడగొచ్చు, కథకుడు జవాబు చెప్పి తీరాలి. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి సంగతి. అంటే పాత కథే అయినా ప్రతి రాత్రీ కొంత భాగం అప్పటికప్పుడు పుట్టాలి. సొంత పాట పాడే బృందం అనే మాటకి ఇంతకన్నా నిండైన ఉదాహరణ నాకు కనిపించదు.

ఆ హక్కుని పూర్తిగా వాడుకున్నవాడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టాడు. పేదరికం, నాటకాలు, హార్మోనియం, ఆ తర్వాత ప్రజానాట్యమండలి. జంగాల చేతుల్లో ఉన్న కథని తీసుకుని దానికి శాస్త్రీయ సంగీతపు కసరత్తూ, నటనా, వేగమూ చేర్చాడు. పలనాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతోపాటు బెంగాల్ కరువు మీద కథ కట్టి ఊరూరా చెప్పాడు. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలికి చనిపోతుంటే, ఆ వార్త అక్షరం రాని తెలుగు రైతుకి చేరింది ఇలాంటి మూడు గొంతుల మీదుగానే. అంతకు పదహారేళ్ల కిందట 1927లో మిసిసిపీ నది పొంగి పల్లెల్ని ముంచేసింది. దాని మీద చార్లీ ప్యాటన్ పాట కట్టి 1929లో రెండు భాగాలుగా రికార్డు చేశాడు. ఏ గట్టు ఎక్కడ తెగిందో, ఏ ఊరికి నీళ్లొచ్చాయో ఆ పాటలో ఉంటుంది. ప్యాటన్ వరద, నాజర్ కరువు. పాటగాళ్లు విలేకరుల పని చేసిన కాలమది.

ఈ పని చేసింది నాజర్ ఒక్కడే కాదు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు, తిరునగరి రామాంజనేయులు ‘తెలంగాణ వీరయోధులు’ రాశారు. మోటూరు ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి బుర్రకథ చెప్పారు. పైట నడుముకి చుట్టి, వేల మంది ముందు తంబుర పట్టుకుని ఆడమనిషి నిలబడటం 1940ల్లో చిన్న సంగతి కాదు. ఇటు నిజాం సర్కారూ, అటు మద్రాసు సర్కారూ బుర్రకథల మీద నిషేధాలు పెట్టాయంటే ఆ ముగ్గురి గొంతుకి ఎంత బలముందో తెలుస్తుంది.

నాజర్ 1986లో పద్మశ్రీ అందుకున్నాడు, 1997లో కన్నుమూశాడు. ‘పుట్టిల్లు’ సినిమాలో ఆయన బుర్రకథ ఉంది. అంగడాల వెంకట రమణమూర్తి రాసిన ‘పింజారి’లో ఆయన జీవితం ఉంది. ఆయన కథ ఒక రాత్రంతా నడిచేది. ఆ రాత్రుల్లో రికార్డుకెక్కింది ఎంత కొంచెమో తలచుకుంటే బాధేస్తుంది.

బలగం చివర

ఇప్పటివాళ్లకి ఈ పాట రుచి చూపించింది 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’. వేణు యెల్దండి తీసిన ఆ సినిమా ముగింపులో ఇద్దరు మనుషులు నిలబడి చనిపోయిన ముసలాయన తరఫున ఇంటివాళ్లతో మాట్లాడతారు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడిగ జంగాల దంపతులు. కిన్నెర మొగిలయ్య వేరు, ఈ మొగిలయ్య వేరు. ఇద్దరినీ ఒకరనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తెలంగాణలో చావు జరిగిన ఇంట్లో దినాలనాడు జంగాలని పిలిపించి పాడించడం పాత రివాజు. ఆ పాట ఎవరి కోసం అన్నది చూడాలి. పోయినాయన పేరు, ఆయన కొడుకుల పేర్లు, బిడ్డల పేర్లు, ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరు రాలేదు అంతా ముందు అడిగి తెలుసుకుంటారు. గంటసేపట్లో ఆ పేర్లన్నీ పాటలో ఉంటాయి. గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దకొడుకు దగ్గరికి పాట వచ్చి ఆగుతుంది. పదేళ్లుగా అన్నతో మాటల్లేని చెల్లెలి దగ్గరికి వస్తుంది. అప్పటిదాకా వంటల లెక్క చూసుకుంటున్న మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. డక్కీ మీద వేలు అప్పుడు నెమ్మదిస్తుంది, పాడేవాళ్లు ఏడుపుకి చోటిస్తారు. ఏడుపు తగ్గాక మళ్లీ అందుకుంటారు. ఇది రిహార్సల్ చేసి వచ్చే విద్య కాదు, ప్రతి ఇంటికీ కొత్త పాటే. సోల్ సంగీతం అని ప్రపంచం దేన్ని పిలుస్తుందో దానికి ఇంతకన్నా దగ్గరి పాట నేను వినలేదు.

సినిమా వచ్చిన రోజుల్లో పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు, ముగింపులో ఊరంతా ఏడ్చింది. మొగిలయ్యకి అప్పటికే మూత్రపిండాల జబ్బు. డయాలసిస్ మీద నెట్టుకొచ్చారు, సినిమావాళ్లూ ప్రభుత్వమూ సాయం చేశారు. 2024 డిసెంబర్ 19న కన్నుమూశారు. రాష్ట్రమంతా విన్న గొంతు అది. ఆ గొంతుతో ఒక పూర్తి కథ, మొదటినుంచి చివరిదాకా, ఆయన పేరు మీద ఇంట్లో పెట్టుకుని వినేలా మనకి ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరూ బతికి పాడుతున్న రోజుల్లోనే ఆ పని జరగాల్సింది.

శారద కథల వాళ్లదీ ఇదే దారి. ఒకరి చేతిలో శారద అనే వాయిద్యం, పక్కన డక్కీలు వాయిస్తూ వంత పాడేది తరచూ ఇంటి ఆడవాళ్లే. ఇక నారాయణపేట జిల్లా దామరగిద్దకి చెందిన దాసరి కొండప్ప బుర్రవీణకి 2024లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం వచ్చింది, సంతోషం. ఆ వాయిద్యాన్ని గంటసేపు నిండుగా వినాలనుకునే కుర్రాడికి ఏ రికార్డు చేతిలో పెడతామంటే జవాబు దొరకదు.

తన గొంతు తాను విన్న రోజు

1941 ఆగస్టులో, పల్లె పాటలు సేకరించే అలన్ లోమాక్స్ రికార్డింగ్ యంత్రం వేసుకుని మిసిసిపీలోని స్టోవాల్ తోటకి వెళ్లాడు. అక్కడ ట్రాక్టరు నడుపుకునే మడ్డీ వాటర్స్ అనే యువకుడి పాటలు రికార్డు చేశాడు. కొన్నాళ్లకి రెండు రికార్డు ప్రతులూ, 20 డాలర్ల చెక్కూ అతనికి పంపాడు. అప్పటిదాకా మడ్డీ వాటర్స్ ఊళ్లో పాడుకునే కూలీ. తన గొంతు తాను విన్నాక, రికార్డులమ్ముకునే పెద్ద గాయకులకి తానేం తీసిపోనని తెలిసింది. 1943లో రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. తర్వాతి చరిత్ర ప్రపంచమంతా విన్నదే. ఆ ప్రయాణంలో డబ్బు కన్నా ఎక్కువ పనిచేసింది ఆ రెండు ప్రతులు.

ముగ్గురి బృందం సంగతికొస్తే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది హౌండ్ డాగ్ టేలర్. షికాగో దక్షిణ వాడలో చిన్న బార్లలో పాడేవాడు. ఆయనది ఒక గిటారు, బేస్ పని కూడా చేసే రెండో గిటారు బ్రూవర్ ఫిలిప్స్‌ది, డ్రమ్ములు టెడ్ హార్వీవి. బేస్ వాయించేవాడే లేడు. పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. ఒక రికార్డు కంపెనీలో గుమాస్తాగా పనిచేసే బ్రూస్ ఇగ్లావర్ అనే 23 ఏళ్ల కుర్రాడు, తనకి వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లు పెట్టి 1971లో వాళ్ల ఆల్బం తనే తీశాడు. మొదట వేసింది వెయ్యి కాపీలు. ఆ ఒక్క ఆల్బం కోసం పెట్టిన అలిగేటర్ రికార్డ్స్ ఇవాళ ప్రపంచంలో పేరున్న బ్లూస్ సంస్థ. ఫిల్మ్ సిటీ పక్కన ఉండే మనకి ఈ సంగతి మరీ ముఖ్యం. పెద్ద సెట్టు అక్కర్లేదు, వంద వాయిద్యాలక్కర్లేదు. నమ్మిన ఒక మనిషి, ఒక గది, మూడు మైకులు చాలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆర్థర్ క్రూడప్ 1946లో రికార్డు చేసిన సొంత పాటని 1954లో ఎల్విస్ ప్రెస్లీ పాడి తారాపథానికెక్కాడు. క్రూడప్‌కి రావాల్సిన రాయల్టీ బతికుండగా సరిగా అందనే లేదు, 1974లో చనిపోయాడు. విల్లీ డిక్సన్ మాత్రం ఊరుకోలేదు. తన పాటని లెడ్ జెప్పెలిన్ వాడుకుందని 1985లో కోర్టుకెక్కాడు, 1987లో ఆ బృందం రాజీకొచ్చింది. తనలాంటి పాటగాళ్ల హక్కుల కోసం ఒక సంస్థే పెట్టాడు. అంటే అక్కడ కూడా న్యాయం దానంతటది నడిచి రాలేదు.

పాట ఎవరిది?

‘జానపదం కదా, అందరిదీ’ అనే మాట మన దగ్గర చాలా తేలిగ్గా వినిపిస్తుంది. బాణీ అందరిదీ కావచ్చు. ఆ బాణీ మీద ఒక మనిషి కట్టిన కొత్త మాటలు ఆ మనిషివే. ఆ మాటలని ఒక రోజు ఒక గొంతు పాడితే, ఆ పాడటం మీద ఆ గొంతుకి హక్కుంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ సంగతిని గట్టిపరిచింది. గాయకులకీ వాద్యకారులకీ ప్రదర్శన హక్కు 50 ఏళ్లపాటు ఉంటుంది. వాళ్ల ప్రదర్శనని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాటా రావాలి. పాట రాసినవాళ్లూ, బాణీ కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాని కంపెనీకి వదిలేస్తున్నామని సంతకం పెట్టినా అది చెల్లదు. రిజిస్టర్ చేయించుకోకపోయినా, పాట ఒక రూపంలోకి వచ్చిన క్షణం నుంచే హక్కు పుడుతుంది.

చట్టం పుస్తకంలో ఉంది. ఊళ్లో జరిగేది వేరు. కెమెరా పట్టుకొచ్చిన వాళ్లు పాడించుకుంటారు, ఖర్చులకింత చేతిలో పెడతారు, వీడియో తమ చానల్‌లో వేసుకుంటారు. యూట్యూబ్ యంత్రం లెక్క ప్రకారం ఆ పాట మొదట ఎక్కించినవాళ్లది. ఏడాది తర్వాత అదే పాటని అసలు మనిషి తన ఫోన్‌లో పాడి పెడితే, ఆయనకే నోటీసు వచ్చే వీలుంది. ఇందులో ప్రతి ఒక్కరూ మోసగాళ్లని నేననడం లేదు. చాలామంది ప్రేమతోనే రికార్డు చేస్తున్నారు. ఒక కాగితం రాసుకోవడం మాత్రం ఎవరికీ తోచడం లేదు.

పెద్ద సినిమా అవకాశం ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించేది కిన్నెర మొగిలయ్య గొంతే. ఆ కొద్ది సేపే ఆయన్ని దేశానికి తెలియజేసింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా చేసిన మేలు అది, కాదనలేం. అయితే ఆయన కథ నిడివి ఆ కొద్ది సేపు కాదు. సాయన్న పుట్టుక నుంచి చావు దాకా నడిచే కథని పాటకి ముందు మాటగా విని తృప్తి పడితే మనం విన్నది గుమ్మం దాకానే.

సినిమా లేకుండా తెలుగు పాట నడవదనే భయం ఇప్పుడు అక్కర్లేదు. 2021లో ‘బుల్లెట్టు బండి’ అనే సినిమాయేతర పాట పెళ్లికూతురి డాన్సుతో ఇంటింటికీ చేరింది. హైదరాబాద్‌లో చౌరస్తా బృందం సొంత తెలుగు పాటలతోనే శ్రోతల్ని సంపాదించుకుంది. వాళ్ల ‘ఊరెళ్ళిపోతా మామ’ నగరంలో ఇమడలేని మనిషి గోడు. దక్షిణాది పల్లెలు వదిలి షికాగో చేరిన నల్లజాతి కూలీలు పాడుకున్నదీ అలాంటి గోడే. దేశంలో చూస్తే 2003లో మొదలైన షిల్లాంగ్ బృందం సోల్‌మేట్, ఎక్కడో అమెరికాలో పుట్టిన బ్లూస్‌ని ఖాసీ కొండల మీద సొంతం చేసుకుని సొంత పాటల ఆల్బాలు తెచ్చింది. ముంబైలో 2011 నుంచి మహీంద్రా బ్లూస్ ఉత్సవం జరుగుతోంది. వినేవాళ్లు ఉన్నారు.

ఈ ఊరి కథ

నేను అడుగుతున్నది ఫ్యూజన్ కాదు. గిటారు పక్కన డక్కీ పెట్టి, రెండింటికీ కంప్యూటర్ తాళం తగిలించి, డక్కీని వెనక్కి నెట్టే ప్రయోగాలు చాలా అయ్యాయి. డక్కీ వేగం కథతోపాటు పెరుగుతుంది, ఏడుపు దగ్గర తగ్గుతుంది. దాన్ని ఒకే లెక్కకి కట్టేస్తే మిగిలేది చప్పుడే. ఎండకి, తేమకి చర్మం బిగువు మారుతుంది. పాడే ముందు మంట దగ్గర కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని చూస్తారు. ఆ తట్టుడు దగ్గరినుంచే రికార్డింగ్ మొదలు కావాలి. ముగ్గురినీ విడివిడి గదుల్లో పెట్టకూడదు. వంత కథకుడి మొహం చూస్తూ అందుకోవాలి, మాట తప్పితే తప్పనివ్వాలి. నలభై నిమిషాల కథని మూడు నిమిషాల ముక్కలు చేయకుండా నలభై నిమిషాలూ వదలాలి.

కథ కూడా ఇక్కడిదే కావాలి. ఈ దారిలో కొంచెం ముందుకు పోతే పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చారు, భూదానోద్యమం అక్కడ మొదలైంది. అడిగితే వంద ఎకరాలు ఇచ్చిన నేల నుంచి ఒక్కో గజానికి బేరమాడే నేల దాకా డెబ్బై ఏళ్ల దూరం. రజాకార్ల కాలం, సంఘం కాలం, భూదానం, ఫిల్మ్ సిటీ, రింగు రోడ్డు, వెంచరు. ఒక కథకుడికి ఇంకేం కావాలి? హాస్యం చెప్పే వంతకి బ్రోకరు దొరుకుతాడు. రాజకీయం చెప్పే వంతకి దొరకనిదంటూ లేదు. కథకుడు చెరువు దగ్గర ఆగి, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండిన ఏడాది ఊరు ఎలా ఉండేదో పాడితే, వలస వచ్చి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న వాళ్లకి కూడా తాము ఏ నేల మీద నిద్రపోతున్నారో తెలుస్తుంది.

ఈ పనికి అయ్యే ఖర్చు ఆ ఫంక్షన్ హాళ్లలో ఒక్క రాత్రి పూల అలంకరణ కన్నా ఎక్కువ కాదు. ప్రతి రికార్డింగ్‌కీ పన్నెండు అక్షరాల గుర్తింపు కోడ్ ఒకటి ఉంటుంది. పాట ప్రపంచంలో ఎక్కడ మోగినా లెక్క చేరేది దాని ఆధారంగానే. ఆ కోడ్ తీసుకోవాలి. పాట ఏ యాప్‌లోకి వెళ్లినా ముగ్గురి పేర్లూ పూర్తిగా ఉండాలి, ‘సంప్రదాయం’ అని రాసి వదిలేయకూడదు. మాటలు ఎవరు కట్టారో వాళ్ల పేరు వేరుగా ఉండాలి. వచ్చే డబ్బు ఎవరి ఖాతాలోకి ఎంత పోవాలో పాడకముందే తెలుగులో, వాళ్లకి చదివి వినిపించిన కాగితం మీద రాసుకోవాలి. కథకుడికి పెద్ద వాటా అన్న పాత అలవాటు కూడా అక్కడే మాట్లాడుకోవాలి. నా మట్టుకు నేను మూడు సమాన వాటాలే అడుగుతాను. రెండో డక్కీ వాయించే ఆడమనిషి వాటా ఆమె పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోనే పడాలి, భర్త ఖాతాలో కాదు.